పొత్తిళ్ల బొంత

ఆ వీధిలో ఆమెను అందరూ బొంతలత్త అనేవారు. దేశాలు పట్టుకుని తిరిగిన ఈ వయసుదాకా ఎన్నో దుప్పట్లు కప్పుకున్నాను గానీ, ఆమె చేతి బొంతంత మెత్తనిది ఎక్కడా తగల్లేదు. కిటుకు ఒక్కటే: కొత్తగుడ్డ ముట్టేది కాదు. ఒంటిమీద అరిగి అరిగి వెన్నలా అయిన చొక్కాలే ఏరేది. చంటిబిడ్డ బొంతలో తండ్రి చొక్కా ఉండి తీరాలనేది. "నాన్న వాసన తగిలితే గుక్కపట్టిన పిల్లయినా గమ్మునుంటుంది" అని ఆమె సిద్ధాంతం.

వీధిలో మగవాళ్లంతా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో కూలీలు. ఆమె కొడుకూ అంతే. కోడలికి మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పాక, గర్భిణుల ఒంట్లో సీసం ఎంత చేరుతోందో, బిడ్డకు ఎంత అందుతోందో తేల్చే పరిశోధన బృందం ఆ వీధికి వచ్చింది. వాళ్ల నర్సు కోడలి రక్తం తీసుకుపోయి, ఫలితం రాగానే వచ్చి గడపలో నిలబడే చెప్పింది: ఉండకూడనంత ఉంది. ఇలాగే సాగితే బిడ్డ మెదడుకు దెబ్బ. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు.

సీసం దొంగ లోహం. పూర్వం కొన్ని దేశాల దొరలు తియ్యదనం కోసం ద్రాక్షరసాన్ని సీసపు గిన్నెల్లో కాచుకుని తాగేవారని చదివాను. ఒంట్లోకి దూరితే, శరీరం దాన్ని ఎముకల్ని గట్టిపరిచే సున్నమే అనుకుని ఎముకల్లో దాస్తుంది. కడుపులో బిడ్డ కోసం తల్లి ఎముకల్లోంచి సున్నం కరుగుతుంటే, ఇదీ వెంటబడి బయల్దేరుతుంది. సరే, దొరల సంగతి ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. ఇక్కడ కోడలికి ఏడో నెల.

నర్సు చెప్పిన రోజు నుంచి, ఒంటికంటిన సీసం దుమ్ము ఇంటికి రాకుండా కొడుకు షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికొచ్చేవాడు. నెల తిరిగేసరికి మళ్లీ పరీక్ష. సీసం పెరిగింది.

"నిజం చెప్పు. స్నానం చెయ్యట్లేదు కదూ?" కోడలు మొగుణ్ణి నిలదీసింది.

"తోలు ఊడేలా రుద్దుకుంటున్నానే! ఇంకేం చెయ్యను, ఉప్పులో ఊరమంటావా?"

మర్నాడు నర్సు మరో ఇద్దరితో వచ్చి ఇల్లు పీకి పందిరేసింది. కుళాయి నీళ్లు, వంటగిన్నెలు, గోడ రంగు, దేన్నీ వదల్లేదు. బొంతలత్త మాత్రం మూలన కూర్చుని కుడుతూనే ఉంది. పక్కన కోడలు, నిండు కడుపు మీద బొంత కొస పరుచుకుని, దారం పంటితో కొరికి, కొన తడిపి సూదికి ఎక్కిస్తోంది.

నర్సు చూపు అక్కడ ఆగింది. "ఆ గుడ్డలు ఎవరివి పెద్దమ్మా?"

"ఎవరివేంటమ్మాయ్, మావాడివే. పని బట్టలు. ఇప్పుడు షెడ్డులోనే వదిలేస్తున్నాడుగా, చిరిగినవి నేనే తెప్పించుకుంటున్నా. ఉడకబెట్టి మరీ ఉతికా. నీ చీరకన్నా శుభ్రం!"

"ఉతికితే మురికి పోతుంది. సీసం పూర్తిగా పోదు పెద్దమ్మా."

చెవుల్లో సీసం పోసినట్టయిందని రాయడం మనకు అలవాటు. ఆ గదిలో ఆ పోలిక చెల్లదు. సూది జారిపోయింది, ఎవరూ వెతకలేదు.

కొడుకు బొంత లాక్కుని పెరట్లోకి ఉరికాడు. కిరసనాయిలు గుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు. వెనకే వెళ్లిన కోడలు అతని పక్కనే నిలబడి ఉంది.

"కాల్చొద్దు!" నర్సు కేకేసింది. "పొగలో లేస్తుంది! ఆ అమ్మాయి పీల్చేస్తుంది!"

అతను కొయ్యబారిపోయాడు. పుల్ల వేళ్లదాకా కాలుతోంది. బొంతలత్త విసురుగా వెళ్లి దాన్ని ఊదేసింది. తానే బొంతను ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి ముడేసింది.

"నీ ఒంట్లోకి ఇది నేనే ఎక్కించానే" అంది కోడలితో.

"మీకేం తెలుసు అత్తయ్యా."

"తెలీదంటే అది దిగిపోతుందా?" అని చెప్పులేసుకుంది. "ఈ వీధిలో ప్రతి ఉయ్యాల్లోనూ నా బొంతే ఉంది."

మొదటి ఇంట్లో పసివాడు దానిమీదే నిద్రపోతున్నాడు.

"ఇచ్చింది వెనక్కి అడుగుతావా అత్తా? ఇదెక్కడి చోద్యం!" నవ్వింది వాడి తల్లి.

"నీ మొగుడి చొక్కాలున్నాయే ఇందులో. విషం. వాడికి రక్తం తీయించు."

నవ్వు ఆగిపోయింది. "అంటే ఇన్నాళ్లూ నా బిడ్డకి విషం పరిచావా?"

తలుపు మొహాన పడింది. ఆమె మళ్లీ తట్టింది. బిడ్డను చంకనేసుకున్న తల్లి బొంతను ఆమె కాళ్ల మీదికి విసిరేదాకా తడుతూనే ఉంది. తర్వాత పక్కింటికి వెళ్లింది.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు రక్తంలో సీసం ఉంది, భయపడినంత లేదు. ఎంత నష్టం జరిగిందో పిల్ల నడిచి, మాట్లాడి, బడికి వెళ్లేదాకా తేలదంది నర్సు. ఆ వేళ బొంతలత్త ఆసుపత్రిలో లేదు. వీధి చివరి ఇంటివాళ్లు ఇంకా బొంత ఇవ్వలేదని, వాళ్ల గడపలో బైఠాయించి ఉంది.