నోరు మూసుకుని చేసే రిపేరు

మిలిటరీలో ఉద్యోగం ఇస్తామని కాగితం వచ్చిన రోజు నాకు తుపాకులంటే భయం వేయలేదు, నా నోరంటే భయం వేసింది. రహస్య సందేశాలు పంపే యంత్రాలను బాగుచెయ్యడం పని. అది ఏ యంత్రమో, దానికి ఏం జబ్బు చేసిందో కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదట. పెళ్ళాం ఇంకా లేదు గానీ, మా అమ్మ ఉంది. సోమవారంలోగా సంతకం పెట్టి పంపాలి.

అప్పటికి మూడేళ్ళుగా ఎర్రగుంట్లలో ఒక టీవీ రిపేరు అంగట్లో ఉన్నాను. డిప్లొమా కాలేజీలో వచ్చింది, పని మాత్రం ఆ అంగడి యజమాని ఉస్తాద్ దగ్గరే వచ్చింది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న మా ఊళ్ళో ఏ సెట్టు మూత విప్పినా ముందు పిడికెడు సిమెంటు దుమ్ము రాలుతుంది. అది ఊదేశాక ఉస్తాద్ నియమం మొదలు. సెట్టు తెచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టాలి, ఫాల్టు ఏమిటో గట్టిగా చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. "దాచిపెట్టి చేసేది రిపేరు కాదప్పా, దొంగతనం" అంటాడాయన. అంగట్లో మాట ఆయనది, సోల్డరింగ్ నాది.

అమ్మ ఆ మధ్యాహ్నమే వీధంతా మైసూర్‌పాకు పంచింది. ప్రతి గడప దగ్గరా గొంతు తగ్గించి, "రహస్యం పనంట. ఎవరికీ చెప్పగాకండి" అని మరీ పంచింది. సాయంత్రానికి స్టేషన్ దగ్గర టీ కొట్టాయన నన్ను ఆపి, "ఏమప్పా, అవతలి దేశమోళ్ళ ఫోన్లు వింటావంట గదా!" అన్నాడు. మా మేనత్తది ఇంకో దిగులు. "పిల్లనిచ్చేటోళ్ళకు ఏం చెప్పాల? ఏందో చేస్తాడంట, ఏం చేస్తాడో చెప్పడంట అంటే ఎవరిస్తారు?"

ఇలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. అందుకే శనివారం పొద్దున నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. ఒక్క సెట్టునైనా నోరు మెదపకుండా బాగుచెయ్యాలి.

భజన మందిరం యాంప్లిఫయర్ వచ్చింది. తెచ్చిన పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. మూత విప్పాను, దుమ్ము ఊదాను, లోపలికి చూసి తల ఊపి ఊరుకున్నాను. ఆయన ముఖం వాడిపోయింది.

"ఏమప్పా, పలకవేంది? అంత పెద్ద జబ్బా?"

పెదాలు బిగించాను.

"యాడికన్నా పెద్దూరికి తీస్కపోవల్లా?" అనేసరికి ఆయన గొంతులో ఏడుపు వినిపించింది. ఇక నా వల్ల కాలేదు. కెపాసిటర్ ఉబ్బిందని, రెండు అతుకులు ఊడాయని, మీవాళ్ళ అరుపులకు స్పీకర్ కూడా ఎక్కువ రోజులు బతకదని మొత్తం కక్కేశాను. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని టీ తాగి వస్తానని వెళ్ళాడు.

"నేను పోను ఉస్తాద్. నా నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాను.

పక్కనే కూర్చున్న ఉస్తాద్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అరే, ఏడాదిన్నరగా నా చేతులు వణుకుతాండాయి. సన్న పనంతా నాకు అందకుండా నువ్వే లాక్కొని చేస్తాండావు. ఈ మాట మీ అమ్మకైనా చెప్పినావా?"

చెప్పలేదు. ఆయన గమనించాడని కూడా నాకు తెలియదు. నన్ను ఆపుతున్నది నా నోరు కాదు, ఆ వణికే చేతులేనని ఇద్దరికీ తెలిసిపోయింది. నేను పోతే అవి ఊరందరికీ కనబడతాయి. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"నెపం నోటి మీదికి నెట్టగాకు. పోయి సంతకం పెట్టు."

"మరి ఈడ పని?"

అంతలో పెద్దాయన టీ తాగి వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. ఉస్తాద్ యాంప్లిఫయర్‌ను పక్కకు జరిపి, తన రెండు చేతులూ బల్ల మీద ఆయన ముందు పెట్టాడు. అవి వణుకుతూనే ఉన్నాయి.

"చూడు సామీ, ఇదీ ఫాల్టు" అన్నాడు, ఎప్పటిలాగే గట్టిగా. "ఈ పిల్లోడు మిలిటరీకి పోతాండాడు. వీడు ఉండంగానే తెచ్చినావు, నీ అదృష్టం. ఇంక సన్న పని ఈడ జరగదు. ఊర్లో అందరికీ చెప్పు."

నేను సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి, తల దించుకుని, ఆ సెట్టును ఒక్క మాట మాట్లాడకుండా పూర్తి చేశాను.