శుక్రవారం సారుకి గంజక్క చెప్పిన సారాంశం

గంజక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళు మనిషిని చూసే పెట్టారు. ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ విభాగానికి ఆమే పెద్ద. గంజిపెట్టిన చీరలా నిటారు మనిషి. నవ్వితే ముఖం మీద ఎక్కడ ముడత పడుతుందో అన్నట్టు ఉండేది. ఎదురుగా అందరూ "అక్కా" అనేవాళ్ళు, చాటుగా గంజక్క. ఆ సంగతి ఆమెకి తెలుసు. లోలోపల ఆ పేరు ఆమెకి నచ్చింది కూడా.

ఆమెకున్న ఒకే ఒక్క విలాసం మనుషుల్ని తీసిపారెయ్యడం. పక్కింటావిడ సంగీతం, ఆడపడుచు మొగుడి రాజకీయం, టీవీలో వాతావరణం చెప్పే అబ్బాయి జుట్టు, ఏదీ ఆమె ముందు నిలిచేది కాదు. భర్త వీధి మలుపులో చిన్న కొట్టు పెట్టుకుని తాళాలు బాగుచేసేవాడు. నోట్లో నాలుక లేనివాడని అందరూ అనుకునేవారు గానీ, అది నలుగురిలో ఆమె పక్కన నిలబడి ఉన్నప్పటి మాట. సాయంత్రం ఆమె అన్నం వడ్డిస్తూ ఆ రోజు దొరికినవాణ్ణి ఉతికి ఆరేస్తుంటే, ఆయన తలొంచుకుని తింటూ మధ్యమధ్య ఒక్కో మాట అనేవాడు. ఆ ఒక్క మాటకోసం ఆమె అంతసేపూ మాట్లాడేది.

అలాంటి గంజక్క చేతిలో పడ్డాడు కొత్త మేనేజరు.

కుర్రవాడు. మొనదేలిన బూట్లు, మెరిసే చేతిగడియారం. వచ్చిన మొదటిరోజే ఉతికే యంత్రాల దగ్గరినుంచి మూటలు కట్టే చోటుదాకా తిరిగి, సబ్బునీళ్ళు కారుతున్న చేతులతో సహా అందరి చేతులూ పట్టుకుని ఊపాడు. దుప్పటి కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ రోలరుకి ఎక్కించాలన్న సంగతి మాత్రం రెండు వారాలకి గానీ అతనికి తెలియలేదు. తెలిశాక, "భలే, ఇందులో ఒక జీవితసత్యం ఉంది" అన్నాడు. ఏం సత్యమో చెప్పలేదు.

ఒక శుక్రవారం మేనేజరు సందేశంతో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. "ఈ వారాంతంలో చదవవలసిన పుస్తకం: నిచ్చెన నువ్వే. నాయకత్వం కుర్చీలో లేదు, మీలో ఉంది." కింద చేతులు జోడించిన బొమ్మ.

శని ఆదివారాల్లో హోటళ్ళు నిండుతాయి. లాండ్రీలో శనివారమంటే గుమ్మం దాకా పేరుకున్న మూటలు, ఆవిరికి ఉడికిపోయే ముఖాలు. మిగిలిన ఆదివారం నడుం వాల్చడానికే సరిపోదు. అలాంటి వారాంతంలో చదువుకోమన్నాడు. ఫోను చూసి మడతలు పెట్టే ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఒక పుస్తకం పేరు వచ్చిపడేది, అతను శుక్రవారం సారు అయ్యాడు.

సోమవారం పొద్దున్నే అందర్నీ నిలబెట్టి, "ఏం నేర్చుకున్నాం?" అని అడిగేవాడు. "చాలా స్ఫూర్తిగా ఉంది సార్" అనేవాడు ఉతికే డ్రమ్ముల దగ్గర పనిచేసే పెద్దాయన. ఆయన కళ్ళజోడు విరిగి ఆర్నెల్లయింది. మిగతావాళ్ళు బుర్రలూపేవారు. శుక్రవారం సారు ముఖం వెలిగిపోయేది.

గంజక్కకి ఒళ్ళు మండింది. తిట్టాలన్నా సరుకుండాలి కదా అని ఆ వారం పుస్తకం తెప్పించుకుంది. ఆదివారం మధ్యాహ్నం కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని, పళ్ళు బిగించి, అట్టనుంచి అట్టదాకా చదివింది. ఒక గద్ద కథ ఉంది. రచయిత కొండ మీద చేతులు చాపుకున్న ఫొటో ఉంది. ప్రతి అధ్యాయంలోనూ అదే మాట చొక్కా మార్చుకుని వచ్చింది. చివర్లో మీ కలలు రాసుకోండని ఖాళీ గీతలు గీసి వదిలేశాడు.

"రాయడానికి వాడి దగ్గరే ఏమీ లేకపోయింది. నన్ను రాసుకోమంటున్నాడు!" అంది భర్తతో.

"మరి మొత్తం ఎందుకు చదివావు?"

"అన్యాయంగా తిట్టకూడదండీ."

సోమవారం ఆమె చెయ్యెత్తింది. "సార్, నాలుగో అధ్యాయంలో రచయితని వాళ్ళావిడ ఒక ప్రశ్న అడుగుతుంది కదా. దానికి మీరేమంటారు?"

శుక్రవారం సారు కళ్ళు పైకప్పుకేసి తిరిగాయి. "అద్భుతమైన ప్రశ్న" అన్నాడు.

"ఏమిటి సార్ ఆ ప్రశ్న?"

"అది... ఎవరికి వాళ్ళు చదివి తెలుసుకోవాలి."

వెనకట్ట మీద నాలుగు వాక్యాలు తప్ప ఈయన ఏమీ చదవలేదని ఆమెకి అర్థమైపోయింది. ఆ రోజంతా ఆమె రోలరు పక్కన ఎంత హుషారుగా ఉందంటే, అక్కకి ఒంట్లో బాగుందా అని మడతల దగ్గర గుసగుసలు పోయాయి.

మధ్యాహ్నం మేనేజరు గదిలోకి పిలుపు వచ్చింది. తిట్లు తప్పవనుకుని, తిరిగి అనాల్సినవి సర్దుకుంటూ వెళ్ళింది. అతను తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, మీరు నిజంగా మొత్తం చదివేశారా?"

"చదివాను."

"నాకు బొత్తిగా తీరిక ఉండటం లేదు. సోమవారం పొద్దున్నే మీరొచ్చి ఐదు నిమిషాలు సారాంశం చెప్పేస్తే చాలు. హెడ్డాఫీసు మీటింగులో కూడా అడుగుతున్నారు."

మొదటి వారం ఆమె నిజాయితీగానే చెప్పింది. సారాంశం ఒక్క వాక్యంలో అయిపోయింది. "ఇంతేనా?" అన్నాడతను దిగులుగా.

మరుసటి వారం ఎండలు ముదిరాయి. ఇస్త్రీ హాల్లో ఊపిరాడటం లేదు. ఎన్నిసార్లు చెప్పినా పైవాళ్ళు ఉలకలేదు, పలకలేదు. ఆ సోమవారం అతని ముందు నిలబడితే ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నాయకుడన్నవాడు తన మనుషులకి ముందు గాలి ఇవ్వాలన్నాడు సార్."

అతను రాసుకోబోతూ ఆగాడు. "గాలి అంటే... స్వేచ్ఛా?"

"కాదు సార్. గాలే. ఫ్యాన్లు."

పది రోజుల్లో గోడకి రెండు పెద్ద ఫ్యాన్లు బిగించారు. శుక్రవారం సారు ఉబ్బితబ్బిబ్బవుతూ చెప్పాడు: "మీటింగులో ఆ గాలి మాట చెప్పానక్కా. మా పెద్దసారు ఏమన్నారో తెలుసా? ఆ అధ్యాయమంటే ఆయనకి ప్రాణమట!"

ఆ సాయంత్రం గంజక్క కంచం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద ఎత్తలేదు. "వీడొక్కడే అనుకున్నానండీ. పైదాకా ఇంతే. ఒక్కడూ పేజీ తిప్పలేదు."

"అయితే మన కొట్టు మీద రేకులు వేయించమని కూడా ఆ పుస్తకంలో రాసుందేమో చూడు" అన్నాడు ఆయన.

తర్వాత ఆమెకి చెయ్యి తిరిగింది. నిలబెట్టి పని చేయించేవాడు నాయకుడు కాదన్నాడు సార్ అంటే, మడతల బల్లల దగ్గరికి ఎత్తు పీటలు వచ్చాయి. ప్రతి వారం అతను ఆ మాటలు రాసుకునేటప్పుడు ఆమె అతని పాపిట కేసి చూసేది. ఇంత చదువు చదివి, ఇంత జీతం తీసుకుని, ఒక్కసారైనా అనుమానం రాదా ఈ మనిషికి? రాలేదు.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. శనివారాలు చీకటి పడేదాకా పని సాగుతోందని ఆడవాళ్ళు మొత్తుకుంటుంటే, ఆమె ఇంకొక అడుగు వేసింది. "వేళకి ఇంటికి వెళ్ళడం తెలిసినవాడే నాయకుడట సార్."

"చాలా లోతైన మాటక్కా" అన్నాడు శుక్రవారం సారు. ఆ శనివారం నాలుగింటికే బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి సార్?"

"ఇంటికి. మీరే చెప్పారుగా! మిగతాది మీరు చూసుకోండి. మీ మీద నాకు పూర్తి నమ్మకం."

ఆ మాట మీటింగులో చెబితే పెద్దసారు చప్పట్లు కొట్టాడట, హెడ్డాఫీసు దాన్ని శుక్రవారం సారు పేరుతో అచ్చువేయించి లాండ్రీ గోడకి అంటించింది. ఇక ప్రతి శనివారం అదే తంతు. హోటళ్ళ ఫోన్లకి ఆమే జవాబు చెప్పాలి, బళ్ళు ఆమే పంపాలి, రోలరు ఆగితే మెకానిక్కు కోసం ఆమే పరుగెత్తాలి. ఇన్నాళ్ళూ మనుషుల్ని దూరంనుంచి తీసిపారేసిన మనిషి ఇప్పుడు వాళ్ళని అదిలించాల్సి వచ్చింది. ఒకరోజు పీట మీద కూర్చుని మడతపెడుతున్న ఒకావిడ ముఖాన్నే అనేసింది: "నువ్వు కూడా సారు మనిషివైపోయావక్కా." ఆ మాట గంజక్కకి సూదిలా దిగింది.

సోమవారం ఆమె నేరుగా గదిలోకి వెళ్ళింది.

"సార్, ఒక నిజం చెప్పాలి. ఫ్యాన్లు, పీటలు, ఇంటికెళ్ళడం, ఇవేవీ ఆ పుస్తకాల్లో లేవు. నా సొంతంగా చెప్పాను."

అతను ఆప్యాయంగా నవ్వాడు. "మీకు వినయం మరీ ఎక్కువక్కా. అవి అందరికీ తట్టే మాటలా? ఎంతో పెద్ద మేధావులైతే గానీ..."

"పుస్తకం తెరిచి చూడండి సార్."

పుస్తకం అతని బల్ల మీదే ఉంది. పైనున్న ప్లాస్టిక్కు కవరు కూడా విప్పలేదు.

"చూడక్కర్లేదు. మీ మీద నమ్మకం ఉందన్నానుగా!"

ఆమె బయటికి వచ్చింది. ఆ శనివారం సరిగ్గా అతను గేటు దాటగానే రోలరు ఆపేసి, "పదండి, ఇళ్ళకి" అంది. మూటలు అలాగే ఉండిపోయాయి. ఆదివారం హోటళ్ళవాళ్ళు సారుకి ఫోన్ చేసి కేకలేశారు. సోమవారం శుక్రవారం సారు మొదటిసారి గొంతు పెంచాడు. "ఎవరు వెళ్ళమన్నారు మిమ్మల్ని?"

"మీరే సార్. వేళకి ఇంటికి వెళ్ళమన్న మాటని హెడ్డాఫీసు వాళ్ళు గోడకి అంటించారు కదా, మీ పేరుతో."

అది తన మాట కాదని అతను అనలేడు, పైగా దానికి పెద్దసారు చప్పట్లు కొట్టి ఉన్నాడు. నెల తిరిగేలోగా శనివారాలకి వేరే మనుషుల్ని పెట్టారు. ఆడవాళ్ళు వేళకి ఇళ్ళకి వెళ్ళసాగారు. గంజక్కకి ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు.

శుక్రవారం సారుకి నష్టమేమీ జరగలేదు. అన్ని శాఖల్లోనూ నాయకత్వం గురించి పాఠాలు చెప్పడానికి అతన్ని హెడ్డాఫీసుకి తీసుకున్నారు. ఆ కబురు విన్నప్పుడు ఆమెకి ఆశ్చర్యం కూడా కలగలేదు. ఇంకెక్కడికి పంపుతారు అతన్ని?

వెళ్ళేరోజు అతను ఇస్త్రీ హాల్లోకి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా.

"మీరు కూడా ఎప్పుడైనా ఒక పుస్తకం రాయాలక్కా."

"ఎవరు చదువుతారు సార్?" అంది గంజక్క.

చాలా మంచి జోకనుకుని అతను పగలబడి నవ్వాడు. బయట కారు హారన్ కొడుతోంది. రోలరు కాగింది. ఆమె చేతులు విడిపించుకుని తడి దుప్పటి అంచు అందుకుంది.