అరికాళ్ళ కింద ఇంకో లెక్క

ఆ ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలకు మేం ముగ్గురం చెప్పులు విడిచి, ఫోన్లు గుడ్డసంచిలో వేసి ఇచ్చేసి, సూరత్ ఉధ్నాలోని ఒక పాత సాంచల షెడ్డు ముందు వరుసలో నిలబడ్డాం. నేను, మా బావ, ఆయన కూతురు. సాంచలంటే మరమగ్గాలు. మా సిరిసిల్లలోనూ, అక్కణ్ణుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డ మావాళ్ళ ఇళ్ళల్లోనూ ఆ మాటే వాడతాం.

నేను సిరిసిల్ల నుంచి పని మీద వచ్చాను. సూరత్ దగ్గర పల్సానాలో నిలువు పోగులు చుట్టే పాత పడుగు మిషను ఒకటి అమ్మకానికి ఉందంటే, అది మా షెడ్డులో పడుతుందో లేదో కొలిచి చెప్పమని మా యజమాని పంపాడు. ఇంత వెడల్పు గుడ్డకు, అంగుళానికి ఇన్ని పోగులైతే ఎంత నూలు కావాలో కట్టి చెప్పడం నా బతుకుతెరువు. ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు షెడ్డులోనే, సాంచల చప్పుడు వింటూ నేర్చుకున్నాను. నిమిషానికి ఎన్ని దెబ్బలు కొడుతోందో గడియారం చూడకుండా చెప్పగలను. మిషను చూపించేది సోమవారం కాబట్టి ఆదివారం ఖాళీ. మా మేనకోడలు టికెట్లు కొనేసింది.

"సినిమా కాదు మామా, డ్రామా గూడ కాదు. లోపలికి పోతే వాసన వస్తది, నేల ఊగుతది, మీద దూది రాల్తది. మనం గూడ దాంట్ల ఉన్నట్టే."

"ముప్పై నాలుగేండ్లు దాంట్లనే ఉన్న గదనే. ఇప్పుడు టికెట్ గొని పోవాల్నా?" అన్నాడు బావ.

"బాపూ, చుప్‌చాప్ నడువ్."

అక్క మాతో రాలేదు. గడప దగ్గర నిలబడి నాతో మెల్లగా అంది: "ఈయనకు సరిగ ఇనవడదు తమ్మీ. జర పక్కనే ఉండు."

బావకు అది మాత్రం వినబడింది. "నన్ను వాడు చూసుకునుడేంది? అడుగులు లెక్కవెట్టకుంట వాకిలే దాటడు వాడు!"

ఆయనన్నది నిజమే. కొత్త చోటికి వెళితే తలుపు నుంచి ఎన్ని అడుగులు వేశానో లెక్కపెట్టుకుంటాను.

బావ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పనిచేసిన షెడ్డు మూతపడి రెండేళ్ళయింది. ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్లకు పోయి, అయిపోవచ్చిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి అతుకుతాడు. వేలల్లో పోగులు. ఎడమచేతి చిటికెన వేలి కొస ఎప్పుడో సాంచ తీసుకుంది. మిగిలిన తొమ్మిదిన్నర వేళ్ళ మీద ఆ ఇల్లు నడుస్తోంది.

లోపలికి పంపేముందు ఒక అమ్మాయి హిందీలో చెప్పింది: తాడు దాటి వెళ్ళొద్దు, తాడుకు ఇవతల ఉన్నవన్నీ ముట్టుకోవచ్చు, భయమేస్తే చెయ్యెత్తండి. బావ అన్నిటికీ తలూపాడు. ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడలేదని నాకు తెలుసు. లోపల చెబుదాంలే అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అదే.

తలుపు నుంచి నలభై ఒక్క అడుగులు. తర్వాత చీకటి.

ముందు వాసన వచ్చింది. నూలుకు పెట్టిన గంజి, మిషను నూనె, చెమట. వీటిని ఎట్లా తయారుచేశారో తెలియదు గానీ అచ్చం అదే వాసన. తర్వాత చప్పుడు. నాలుగు గోడల నుంచీ వంద సాంచలు ఒక్కసారే మొదలైనట్టు. కాళ్ళ కింద చెక్కపలకలు వేసి, వాటి కింద ఏవో మోటార్లు పెట్టారు. ప్రతి దెబ్బకూ నేల అదిరి, అది అరికాళ్ళలోంచి మోకాళ్ళకు ఎక్కుతోంది. చెప్పులు ఎందుకు విప్పించారో అప్పుడు అర్థమైంది. పైనుంచి దూది రేణువులు ముఖం మీద పడుతున్నాయి. పక్కన ఎవరో నవ్వారు, ఇంకెవరో చప్పట్లు కొట్టారు. ఈ చప్పుడులో ఎవరైనా అరిస్తే వినబడదు. చిన్నప్పటి నుంచీ షెడ్డులో నాకున్న భయం అదొక్కటే.

వెలుగు వచ్చి పోతోంది. నా లెక్కలో వెలుగు పది సెకన్లు, చీకటి ఇరవై. నాకు సెకన్లు కొలిచే గడియారం నా నాడే. భయపడితే అది పరుగెత్తుతుంది కాబట్టి ఆ పది పదేనో, ఎనిమిదో నమ్మకంగా చెప్పలేను.

వెలుగు వచ్చినప్పుడల్లా షెడ్డు నడిమధ్యలో ఒకే ఒక్క సాంచ కనిపించేది. మిగతా వందా ఉత్త చప్పుడే, ఇదొక్కటి నిజంది. మనిషి లేకుండా తెల్ల గుడ్డ నేస్తోంది. చుట్టూ పరుపుల మీద జనం కూర్చున్నారు. మూడోసారి వెలుగు వచ్చేసరికి నా పక్కన బావ లేడు.

తాడుకు అవతల ఉన్నాడు. సాంచ ముందు, సరిగ్గా నేతగాడు నిలబడే చోట, ముందుకు వంగి ఉన్నాడు. కుడిచెయ్యి గుడ్డ మీద గాలిలో ఆగి ఉంది.

ఏం చూశాడో అప్పుడు చూశాను. ఒక పోగు తెగి, పక్క పోగుల్ని చుట్టుకుని, షటిల్ నడిచే దారిలో చిన్న ముద్దయింది, దెబ్బ దెబ్బకూ పెరుగుతోంది. షటిల్ అంటే నూలు మోసుకుని అటూ ఇటూ దూసుకుపోయే కొయ్య. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. దారిలో ముద్ద అడ్డం వస్తే అది పైకి లేచి ఎగిరిపోతుంది. ఎటు ఎగురుతుందో చెప్పలేం. అటువైపు పరుపు మీద ఒక తల్లి చిన్నపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాంచ ఆపే హ్యాండిలు కోసం బావ ఎడమచెయ్యి తడుముకుంది. అక్కడ హ్యాండిలు లేదు, బోల్టు మాత్రమే ఉంది. జనం ముట్టుకుంటారని విప్పేశారట. అది తర్వాత తెలిసింది. ఇక మిగిలింది ఒక్కటే. నడుస్తున్న సాంచలోనే చెయ్యి పెట్టి ఆ ముద్దను లాగెయ్యడం. పాత నేతగాళ్ళు చేస్తారు. నూలును గుడ్డలోకి కొట్టే ఇనుప పళ్ళ పన్నె వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చే లోపల అర సెకను ఉంటుంది. ఆ అర సెకనులో వేళ్ళు పోయి రావాలి. వాళ్ళు కళ్ళతో చూసి పెట్టరు. చెవులున్నవాళ్ళు చెవులతో, చెవులు పోయినవాళ్ళు అరికాళ్ళతో దెబ్బ పట్టుకుని చెయ్యి పెడతారు.

కానీ ఇక్కడ అది కుదరదు. నేల కొట్టేది వేరు, సాంచ కొట్టేది వేరు. రెండు దెబ్బల్ని పోల్చడానికి గడియారం అక్కర్లేదు. నేల నాలుగు కొట్టేసరికి సాంచ ఐదు కొడుతోంది. బావ అరికాళ్ళకు అందేది మోటార్ల దెబ్బ. ఆయన చెయ్యి పోయేది సాంచలోకి. మొదటిసారి కుదిరినా, రెండోసారి కాకపోతే మూడోసారి పన్నె ఆ వేళ్ళ మీదికే వస్తుంది. వెలుగు ఆయన వీపు వెనక నుంచి పడుతోంది కాబట్టి సాంచ మీద ఆయన నీడే పరుచుకుంది. పన్నె ఆయనకు సరిగ్గా కనిపించే దారే లేదు.

చీకటి పడింది.

ఆయన నాకు ఆరడుగుల దూరంలో ఉన్నాడు. వెళ్ళి భుజం పట్టి లాగెయ్యొచ్చు. కానీ సాంచ ముందున్న మనిషిని వెనకనుంచి ముట్టుకోకూడదు, పిలవకూడదు. ఉలిక్కిపడితే చెయ్యి ముందుకే పోతుంది. మా దగ్గర షెడ్డులో అడుగుపెట్టిన మొదటి రోజు నేర్పేది ఇదే. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళాలి, కళ్ళబడాలి, చేతులతో చెప్పాలి. అరుద్దామంటే ఎవరికి? స్విచ్చు ఎక్కడుందో తెలియదు. చెయ్యెత్తినా చీకట్లో చూసేవాళ్ళు లేరు.

చుట్టూ తిరిగి వెళ్ళాను. మోకాలు దేనికో తగిలింది. ఇరవై లెక్కపెట్టాల్సింది పదకొండు దగ్గర లెక్క పోయింది. లెక్క పోవడం నాకు ఎప్పుడూ జరగలేదు. ఆ చీకట్లో ఆయన చెయ్యి ఎక్కడుందో తెలియదు. చప్పుడులో ఏదైనా తేడా వస్తుందేమోనని వింటూ నడిచాను. తేడా వస్తే అప్పటికే అయిపోయినట్టు.

వెలుగు వచ్చింది. సాంచకు ఈవల నేను, ఆవల బావ. చెయ్యి ఇంకా పైనే ఉంది, తల వంచి దెబ్బ పట్టుకుంటున్నాడు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాను. షెడ్లలో ఆగమని చెప్పే సైగ అది. తలెత్తి చూశాడు. నేల వైపు వేలు చూపించి, కాదని ఊపాను. అర్థం కాలేదు. పన్నెను చూపించి, ఎడమ అరచేతిలో కుడి అరచేతితో దాని దెబ్బ కొట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

అప్పుడు అర్థమైంది ఆయనకు. చెయ్యి తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. గడ్డం కొద్దిగా ఎత్తి, కొడుతూ ఉండమన్నాడు.

నా జీవితంలో అంత భయం ఇంకెప్పుడూ వెయ్యలేదు. ఆయన కళ్ళు ముద్ద మీదికి దిగిపోయాయి. ఇక కంటికొసన కనిపించే నా చేతులే ఆయన గడియారం. నా అరికాళ్ళ కింద నేల వేరే లెక్క కొడుతూ నన్ను తనవైపు లాగుతోంది. నాలుగు, ఐదు, ఆరు. నా వైపు నుంచి పన్నె కనిపిస్తోంది, కళ్ళు దాని మీదే పెట్టాను. బావ చెయ్యి లోపలికి దిగింది, వెంటనే పైకి వచ్చింది. ఖాళీగా వచ్చింది. మళ్ళీ దిగింది. వచ్చింది. ఈసారి వేళ్ళ మధ్య తెల్లగా ఏదో ఉంది. వెలుగు పోయింది.

మళ్ళీ వెలుగు వచ్చేదాకా ఆయన వేళ్ళున్నాయో లేదో నాకు తెలియదు. ఆ తెల్లదాన్ని నిజంగా చూశానా, చూడాలనుకున్నది చూశానా? వెలుగు వచ్చేసరికి ఆయన తాడు దగ్గర నిలబడి, ముద్దను చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. కుడిచేతికి ఐదు వేళ్ళూ ఉన్నాయి. నేను తాడు దాటి వచ్చి, దొరికిన పరుపు మీద కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చి, మీ ఇద్దరి భాగమే అన్నిటికన్నా బాగుంది, ఎన్నాళ్ళు సాధన చేశారు అని హిందీలో అడిగింది. నేను చెవిలో చెప్పాక బావ ముప్పై నాలుగేళ్ళన్నాడు. ఆవిడ నవ్వింది.

మేనకోడలు నవ్వలేదు. సంగతి వినగానే మొదట జాగ్రత్తలు చెప్పిన, ఆట నడిపే ఆ అమ్మాయి మీదికి వెళ్ళింది. గుజరాతీలో మొదలై హిందీలోకి దిగింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. తర్వాతి ఆట ఆపేసింది. హ్యాండిలు ఒక పెట్టెలో దొరికింది. దాన్ని బావే పానా తెప్పించుకుని బిగించాడు.

"బాపూ, నీ చెయ్యి పోతే ఏంజేస్తుంటివి?" అంది మేనకోడలు, ఆటోలో, ఆయన చెవి దగ్గర.

"మీ మామ ఉండె గద."

"మామకేం తెలుసు, లెక్కలు గట్టుడు తప్ప?"

"అమ్మకు జెప్పకుండ్రి," అన్నాడు బావ. మేమిద్దరం ఒప్పుకున్నాం.

ఆ రాత్రి నేను చెప్పనిది ఇంకోటి ఉంది. పదకొండు దగ్గర లెక్క పోయినట్టే, కొట్టేటప్పుడు కూడా ఒక దెబ్బ తప్పాను. ఎనిమిదోది. నేల దెబ్బ పడితే నా చెయ్యి దానితో పడింది. తొమ్మిదో దెబ్బకు సర్దుకున్నాను. ఎనిమిదో దెబ్బకు ఆయన చెయ్యి ఎక్కడుందో ఎంత గుర్తు తెచ్చుకున్నా రాలేదు.

పొద్దున పల్సానా బస్సుకు ముందు, బావ పనిచేసే షెడ్డుకు వెళ్ళాను. సాంచ వెనక చిన్న పీట మీద కూర్చుని పోగులు అతుకుతున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, ఒక మెలి, ఇంకో పోగు. ఎదురుగా వెళ్ళి, కళ్ళబడ్డాక, చెవి దగ్గర వంగి చెప్పాను.

"బావా, నిన్న ఒక దెబ్బ తప్పిన."

వేళ్ళు ఆగలేదు. "ఎరికే. చెయ్యి లోపలున్నది అప్పుడు. పన్నె గాలి తగిలింది, గుంజుకున్న. గందుకే రెండుసార్లు వెట్టాల్సొచ్చె."

"మరి మళ్ళ ఎట్ల వెట్టినవ్? నన్ను నమ్మి?"

"నువ్వు ఆపలే గద. ఆపితే వెట్టకపోదును." ఇంకో పోగు అందుకున్నాడు. "పో బామ్మర్దీ, బస్సు పోతది. ఇదంత మనసుల వెట్టుకోకు."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ అరచేతిలో కుడి అరచేతితో కొట్టి చూశాను. ఏడు దాకా బాగానే వచ్చింది. ఎనిమిదో దెబ్బకు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, కిందికి రాలేదు.