నాన్న మానేసిన కచేరీ

నాన్నకు రేడియోలో వచ్చే శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. నాకు సినిమా పాటల క్యాసెట్లంటే పిచ్చి. తొంభైల్లో అమలాపురం దగ్గర మా ఇంట్లో రోజూ ఇదే గొడవ.

"డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుంది. దీన్ని పాటంటార్రా?" అనేవారు ఆయన.

"మీ పాటగాడు అరగంట నుంచి ఒక్క మాట దగ్గరే ఉన్నాడండి. కాస్త ముందుకు తొయ్యండి," అనేవాణ్ణి. బాబాయి పడీపడీ నవ్వేవాడు.

ఒక ఏడాది వానలు పట్టి రెండు రోజులు కరెంటు లేదు. పాట లేకపోతే నాకు తోచదు. నాన్న రేడియోలోంచి కొత్త సెల్లులు తీసి నా టేపురికార్డరులో వేసుకున్నాను. అనుమానం రాకుండా నా అయిపోయిన సెల్లులు రేడియోలో పెట్టాను. అలా చేయడం అదే మొదటిసారి కాదు.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఐ.పోలవరం వైపున్న రొయ్యల చెరువుకు బయల్దేరాడు.

"తుఫాను సంగతేంటో వార్తలు విని వెళ్ళరా," అని నాన్న మీట తిప్పారు. రేడియో పలకలేదు. తట్టారు, మళ్ళీ తిప్పారు. "మొన్నేగా సెల్లులేసేను!"

"రోజూ కచేరీలు వింటే అవి మాత్రం ఏం బతుకుతాయన్నయ్యా? గట్టు చూసుకుని మజ్జానానికొచ్చేస్తాను," అని బాబాయి సైకిలెక్కాడు.

ఒక్క మాట చెబితే ఆగిపోయేవాడు. తిడతారని చెప్పలేదు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. కొబ్బరిచెట్లు విరిగేలా వంగి లేస్తున్నాయి. పక్కింటాయన తడుస్తూ వచ్చాడు. "తుఫాను మన మీదకేనని పొద్దున్న రేడియోలో చెప్పేరండి. మీరు విన్లేదా?" నాన్న మళ్ళీ రేడియో మీట తిప్పారు. పిన్ని గడప వదల్లేదు. పైన పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. బాబాయి పోతే చంపింది నేనే. అంత భయంలోనూ నేను చేసిన పని, టేపురికార్డరులోంచి సెల్లులు తీసి బియ్యం డబ్బాలో దాచడం.

మర్నాడు సాయంత్రం ఇద్దరు మనుషులు బాబాయిని మోసుకొచ్చారు. చెరువు దగ్గరి మోటారు షెడ్డు గోడ కూలి కుడిచెయ్యి నలిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ ఆ చేత్తో ఆయన మళ్ళీ అన్నం కలుపుకోలేకపోయాడు.

"నా పాటల పిచ్చే నీకింత చేసిందిరా," అని నాన్న ఏడ్చారు.

"ఊరుకో అన్నయ్యా," అన్నాడు బాబాయి. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

నాన్న మళ్ళీ కచేరీ వినలేదు. రెండువేల సంవత్సరం దాటాక నా పెళ్ళిలో, అక్షింతలు పడ్డాక మేళంవాళ్ళు కీర్తన అందుకోగానే ఆయన లేచి పందిరి బయటికి వెళ్ళిపోయారు. కళ్ళు తుడుచుకోవడానికనుకున్నారు అందరూ. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏంట్రా?"

"నాన్నగారూ..."

"ఊఁ, చెప్పు."

"భోజనాలకి రమ్మంటున్నారండి," అన్నాను.