టీచరుగారి కుడిచెయ్యి

మా గేమ్స్ టీచరుగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న బాపట్లలో మా స్కూల్లో ప్రేయరు అయి పిల్లలు క్లాసులకి వెళుతుంటే, రేపల్లె నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క లేవట్లేదమ్మా. కాఫీ పట్టుకెళ్ళి పిలిచాను. లేవట్లేదు," అన్నారు. నాకు బుర్ర పని చెయ్యలేదు. "మెల్లిగా కుడిపక్కకి తిప్పి కూర్చోబెట్టండి పిన్నిగారూ, ఆదివారం నేను వస్తాగా," అన్నాను. అవతల ఏడుపు వినబడింది. అప్పటికి గానీ అర్థం కాలేదు. మెళ్ళో విజిల్‌తోనే గ్రౌండు మధ్యలో కూలబడిపోయాను. నేనూ గేమ్స్ టీచర్నే. నేను అరిస్తే రోడ్డు మీద ఆటోలు కూడా ఆగిపోతాయని మా పిల్లలు ఎగతాళి చేస్తారు. ఆ పూట ఆ పిల్లలే నన్ను లేపి స్టేషనుకి ఆటో ఎక్కించారు.

రేపల్లెలో చదువుకున్న ఆడపిల్లలకి ఆవిణ్ణి పరిచయం చెయ్యక్కర్లేదు. తక్కినవాళ్ళకి చెబుతున్నాను. పొట్టి మనిషి. నేత చీర, దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు. తల నున్నగా దువ్వి వేసిన ముడి ఎంత గట్టిగా ఉండేదంటే, రోజంతా గ్రౌండులో పరుగులు పెట్టించినా ఒక్క వెంట్రుక బయటికొచ్చేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి చర్చి వెనక వీధిలో ఉండేవారు.

మాది భట్టిప్రోలు. రోజూ రైల్లో రేపల్లె హైస్కూలుకి వెళ్ళేదాన్ని. నా చేతికి ఇనుప గుండు ఇచ్చింది ఆవిడే. షాట్‌పుట్‌లో నేను గుండు విసిరితే అది ఎక్కడ పడుతుందోనని చూడటానికి మగపిల్లలు కూడా వచ్చి నిలబడేవాళ్ళు. నాకు ఒకటే గర్వం. ఆ గర్వం క్రిస్మస్ బట్టల దగ్గర దిగిపోయింది. మా ఊరి టైలరు మావయ్య జాకెట్టుకి కొలత తీసి, టేపు విదిలించి, మళ్ళీ తీశాడు. "ఇదేంటక్కా, పిల్లకి చేతులు రెండూ రెండు కొలతలొత్తన్నాయి! ఇద్దరు పిల్లల చేతులు తెచ్చి ఒక జాకెట్టుకి కుట్టినట్టుంటాది," అన్నాడు అమ్మతో.

ఇంకేముంది! అమ్మ ఇంటికొచ్చి నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసి నెత్తి కొట్టుకుంది. గుండూ లేదు గిండూ లేదు, రైలెక్కావంటే కాళ్ళు విరగ్గొడతానంది. రోజూ సాయంత్రం నా ఎడమచేతికి ఆముదం పట్టించి, ప్రార్థన చేసి, భుజం నుంచి మణికట్టు దాకా సాగదీసి రుద్దేది. సన్నగా ఉన్న చెయ్యి నూనెకి లావెక్కుతుందని మా ఇంట్లో అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

నేను స్కూలుకి రావడం మానేశానని తెలిసి, ఆదివారం ఆరాధన కాగానే టీచరుగారు రైలెక్కి మా ఇంటికొచ్చేశారు. అమ్మ కుర్చీ కూడా వెయ్యకుండా మొదలుపెట్టింది.

"చూడండి టీచరుగారండీ, ఒక చెయ్యి రోకలిబండలాగుంది, ఇంకోటి పుల్లలాగుంది. దీన్ని ఏం చేద్దామనుకుంటన్నారండీ?"

ఆవిడ నా చేతులు పట్టుకుని చూశారు. "పిల్ల తప్పేం లేదమ్మా. తప్పు నాది. గుండు కుడిచేత్తోనే విసిరిస్తా ఎడమచేతిని గాలికొదిలేశాను. నేనే సరిచేస్తాను. ఆ ఆముదం మాత్రం దీపానికి దాచుకో," అన్నారు. అమ్మకి నవ్వొచ్చింది. అమ్మ నవ్వితే సగం పని అయినట్టే.

సరిచెయ్యడం అంటే ఏదో మంత్రం అనుకునేరు. ఇసక నింపిన ప్లాస్టిక్ సీసాలు, ఒక గోడ, ఒక బెంచీ. అంతే. ఎత్తినా, తోసినా ఒంటిచేత్తోనే. ఎప్పుడూ ముందు ఎడమచెయ్యే. అది ఎక్కడ వణికి ఆగిపోతే కుడి కూడా అక్కడే ఆగాలి. "నాకింకా ఓపికుందని కుడి గోల చేస్తదే. చెయ్యనీ. ఎడమ వచ్చేదాకా ఆగడం కూడా దానికి నేర్పాలి," అనేవారు.

నాకు అంత ఓర్పు ఎక్కడిది? కుడిచేతిని ఓణీలో చుట్టేసి బిందెలూ, బియ్యం సంచీ, దూడకి గడ్డిమోపూ అన్నీ ఎడమచేత్తోనే మోయడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండా మెడ పట్టేసి, తల ఒక పక్కకి వాల్చుకుని స్కూలుకి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశారు.

"ఎడమకి అన్నం పెట్టమన్నాను గానీ కుడిని పస్తుంచమన్నానా పిల్లా? రెండూ నీయే కదే!"

చాలా నెలలు పట్టింది. మళ్ళీ క్రిస్మస్‌కి టైలరు మావయ్య రెండు చేతుల గుడ్డనీ ఒకే కొలతకి కత్తిరించాడు. ఇంకా కాస్త తేడా ఉందని నేను గొణిగితే, "అచ్చుగుద్దినట్టు ఎవరికీ ఉండవే. ఒకదానికొకటి తోడుంటే చాలు," అన్నారు టీచరుగారు. తెనాలి పోటీల్లో నాకు బహుమతి రాలేదు. ఆవిడ స్టేషన్ దగ్గర హోటల్లో మసాలా దోసె పెట్టించి, రైల్లో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నేను గేమ్స్ టీచర్ని అవ్వాలని ఆ కిటికీ పక్కనే అనుకున్నాను.

పోయినేడు వానల్లో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక వెళ్ళాను. ఆ కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. నెలలు గడిచేకొద్దీ చిక్కిపోయింది. నేను దొంగచూపులు చూస్తుంటే పట్టేశారు. "ఏంటే చూస్తన్నావు? టైలర్ని పిలుస్తావా?" మాట ముద్దగా వచ్చింది గానీ వెటకారం ఎక్కడికీ పోలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం బాపట్ల నుంచి తెనాలి, తెనాలిలో బండి మారి రేపల్లె. తెనాలి నుంచి వచ్చే ఫిజియోథెరపిస్టు అబ్బాయి ఏం చెబితే అది బుద్ధిమంతురాలైన పిల్లలా చేసేవారు. తిండి దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవారు కాదు. ఎడమచేత్తో తిననన్నారు. చెల్లెలు ముద్దలు పెడతానంటే ఒప్పుకోలేదు. ఎడమచేతిని పైటకొంగులో చుట్టేసి, కుడివేళ్ళతోనే అన్నం కలపబోయేవారు. సగం ఒళ్ళో పడేది. "చల్లారిపోతందక్కా, ఒక్క ముద్ద పెట్టనివ్వవా," అని పిన్నిగారు కళ్ళొత్తుకునేవారు. "చల్లారనీ. దీని వంతు ఇది," అనేవారు టీచరుగారు.

ఆవిడకి ఒకటే కోరిక. తన తల తను దువ్వుకుని, తన ముడి తను వేసుకుని చర్చికి వెళ్ళాలి. ముడి వెయ్యాలంటే రెండు చేతులూ మెడ వెనక్కి ఒక్కలాగే లేవాలి కదా. ఎడమ లేచేది, కుడి భుజం దగ్గరే నిలిచిపోయేది. పాస్టరుగారు కారు పంపుతానన్నా, పిన్నిగారు ముడి వేస్తానన్నా ససేమిరా అన్నారు. అంత మొండిమనిషి. ఇంట్లో జుట్టుకి రబ్బరు బ్యాండు పెట్టుకుని, చర్చిలోంచి వచ్చే పాటలు కిటికీ దగ్గర కూర్చుని వినేవారు.

ఒక ఆదివారం చెయ్యి అసలు కదల్లేదు. దువ్వెన విసిరికొట్టి ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు. "ఇంతమంది పిల్లలకి సరిచేశానే. నా చెయ్యి నా మాట వినట్లేదే," అన్నారు. "కుడి వచ్చేదాకా ఎడమ ఆగుతుంది టీచర్," అన్నాను.

"నా మాటలు నాకే చెప్పకు," అని కసిరారు. మళ్ళీ తనే, "ఏదీ, ఇంకోసారి చెప్పు," అన్నారు. చెప్పాను. దువ్వెన తెచ్చిమ్మన్నారు.

మొన్నటి ఆదివారం ఆ కుడిచెయ్యి మెడ వెనక్కి చేరింది. నిజంగా చేరింది! వేళ్ళు జుట్టుని పట్టుకున్నాయి, ఒక మెలిక కూడా తిప్పాయి. తర్వాత జారిపోయింది. నేను గబుక్కున పట్టుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. "ముట్టుకోకు. వచ్చే ఆదివారానికి వచ్చేస్తది. తెల్లచీర ఇస్త్రీ చేయించమని దానికి చెప్పు," అన్నారు చెల్లెల్ని చూపిస్తూ. రైల్లో బాపట్ల వచ్చేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కావిడ నాకేసి వింతగా చూసింది. అలా చూస్తే చూసిందిలే అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం రేపల్లె చేరేసరికి ఇంటి నిండా జనం. చర్చి సంఘం ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. స్నానం చేయించి ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టారు. తల దువ్వి ముడి వేశారు. చక్కటి ముడి, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఎవరు వేశారని నేను అడగలేదు. సాయంత్రం ఆవిణ్ణి చర్చికి తీసుకెళతారట. పిన్నిగారు నన్ను పట్టుకుని, "నిన్న సాయంత్రం కూడా చేసిందే. రెండు మెలికలు తిప్పానని నీతో చెప్పమంది," అన్నారు.

ఆవిణ్ణి పడుకోబెట్టిన పెట్టె పక్కన కూర్చుని ఆవిడ చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. ఏడాదిగా ఆ రెండిట్లో ఎప్పుడూ ఏదో ఒక తేడా నా చేతికి తెలిసేది. ఎడమ నా వేళ్ళని గట్టిగా పట్టుకునేది, కుడి పట్టుకోవాలని చూసేది. ఇప్పుడు రెండూ ఒక్కలాగే చల్లగా, ఒక్కలాగే బరువుగా ఉన్నాయి. ఎడమచేతిని మెల్లిగా ఆవిడ గుండె మీద పెట్టాను. కుడిచేతిని మాత్రం పెట్టె మూసేదాకా వదల్లేకపోయాను.