గట్టు తప్పిన దుంప

"బిచ్చగాడన్నాడా? మా నాన్న ముహోయి అంటే, ఆ దుబాసీ దొరకి బిచ్చగాడని చెప్పాడా?"

"అలాగే చెప్పాడటవ్వా. వంటవాడు అప్పుడక్కడే నిలబడి టీలు అందిస్తున్నాడట."

న్యాగుతీ అవ్వ ఒడిలో నల్ల చిక్కుళ్ళు ఒలుస్తోంది. చెయ్యి ఆగలేదు. ఒలిచిన గింజలు మాత్రం బుట్టలో పడకుండా నేల మీద పడుతున్నాయి.

నేను కుట్టుమిషను వీపుకి కట్టుకుని నెలకోసారి నైరోబి వెళ్తాను, దొరల బంగళాల్లో తెరలూ దుప్పట్లూ కుట్టడానికి. మొన్న వెళ్ళింది కళ్ళద్దాల దొర ఇంటికి. పదేళ్ళ కింద ఇటువైపు గుట్టల భూమి తగాదాలు విచారించింది ఆయనే. అక్కడ వంటవాడి నోట విన్నదీ, కళ్ళారా కన్నదీ అవ్వకి చెప్పాలా వద్దా అని దారంతా అనుకుంటూనే వచ్చాను. తీరా వచ్చాక నోరాగలేదు.

అవ్వ మాకు చుట్టం కాదు. విచారణ జరిగిన మరుసటేడు నెత్తిన ఒక కుండ, చేతిలో ఒక గొడ్డలితో వచ్చి మా పెదనాన్నని నేల అడిగింది. అప్పటినుంచి మాకు ముహోయి. అంటే అడిగి దున్నుకునే మనిషి. పంట ఇంటికొచ్చాక నేలవాళ్ళకి ఒక సొరబుర్రెడు చెరుకు కల్లు తెస్తాడు, లేవమన్ననాడు లేచి వెళ్ళిపోతాడు. మా గికుయుల్లో అది తలవంపు కాదు. కాకపోతే ఆవిడ పుట్టింది నేల అడిగే ఇంట్లో కాదు, ఇచ్చే ఇంట్లో.

తండ్రి కిబాతి. ఊరి వాగుకి రెండు వైపులా నేల వాళ్ళదే. పెద్ద యుద్ధానికి మూటలు మోయించడానికి పట్టుకుపోయిన మొగుడు తిరిగి రాకపోతే పుట్టింటికి చేరింది. అప్పటికే వాగవతల మోకాళ్ళ దొర దిగి ఉన్నాడు. చలిలో కూడా పొట్టి లాగే వేసేవాడని ఆ పేరు. వచ్చిన రోజు ఒక దుప్పటీ, ఒక సంచి చక్కెరా తెచ్చి, చేత్తో నేల చూపించాడట.

"మర్యాదగా అడిగాడు, వట్టి చేతుల్తో రాలేదు, ముహోయే అనుకున్నాడు మా నాన్న," అనేది అవ్వ. "పాపం ఎర్రగా ఉన్నాడు, ఎండకి మాడతాడు, నీడ పట్టున ఇవ్వండన్నాడు. ఏదో కాగితం మీద వేలు వెయ్యమంటే వేశాడు."

పంట కోతకొచ్చింది. కల్లు రాలేదు. కల్లు ఏదీ అని కిబాతి కబురంపాడు. జవాబుగా దొర జవాను వచ్చాడు. ఇక మీదట ఈ నేల మీద కల్లు కాయకూడదు, డప్పు ముట్టకూడదు, ఉండాలంటే ఏడాదిలో సగం దినాలు దొర కాఫీ చెట్లకి పని చెయ్యాలన్నాడు. అవ్వ ఇది చెప్పినప్పుడల్లా నవ్వేది. "చుట్టంగా వచ్చినోడు మమ్మల్ని వాకిట్లో పడుకోమన్నాడురా సూదోడా."

విచారణ వస్తోందని తెలిసి చుట్టుపక్కల గుట్టల పెద్దలంతా కిబాతినే మాట్లాడమన్నారు. కిబాతి చేతిలో కాగితం లేదు. ఉన్నదల్లా గట్టు. కిబాతి తాత నేల కొన్ననాడు పొట్టేలుని కోసి, దాని కడుపులోది గట్టు పొడుగునా చల్లి, లిల్లీ దుంపలు వరసగా నాటి ఒట్టు పెట్టారు: ఈ దుంప పీకినవాడి ఇల్లు ఆరిపోవాలని. ఇప్పుడు విచారణ దొర ముందు చూపించాలంటే ఒకటి పీకాలి. ఎవరైనా పరాయివాడి చేత పీకిద్దామన్నారు పెద్దలు. కిబాతి ఒప్పుకోలేదు.

"ఎవడో ఎందుకు చావాలి? నేల నాది, శాపమూ నాదే," అని తానే తవ్వి, మట్టితో సహా తోలుసంచిలో పెట్టుకుని పోయాడు.

ఆ రోజు జరిగిందే నేను విని వచ్చింది. దుబాసీ సముద్రపు ఒడ్డువాడు, మన మాట సగమే తెలుసు. మోకాళ్ళ దొర నా ముహోయి అని కిబాతి అంటే, బిచ్చగాడన్నాడు. దొర బిచ్చమెత్తాడంటున్నాడీ ముసలాయన అనేసరికి అందరూ నవ్వారట. కిబాతి సంచి విప్పి లిల్లీ దుంప తీసి కళ్ళద్దాల దొర చేతిలో పెట్టాడు. "అయ్యగారి తోటకి పువ్వు తెచ్చాడండీ," అన్నాడు దుబాసీ. ఆ దొర లేచి, చెయ్యి కలిపి, దుంపని తన ఇంటికి పంపించాడు.

"చెయ్యి కలిపాడు," అంది అవ్వ. "ఆ చెయ్యి అందరికీ చూపించుకుంటూ వచ్చాడు మా నాన్న. మన పెద్దలెవరైనా దుంప చేత్తో అందుకుంటే గట్టు ఒప్పుకున్నట్టే కదా. గెలిచామని పొట్టేలుని కోశాం. నేను పాడాను కూడా."

మూడు నెలలకి మోకాళ్ళ దొర నాగళ్ళు వచ్చాయి. గట్టు మొత్తం దున్నేశారు, గుడిసెలు తగలబెట్టారు. ఆ వానల్లోనే కిబాతి పోయాడు.

"ఊరంతా శాపం తగిలిందంది. నేనూ అదే అనుకున్నా ఇన్నేళ్ళూ. పీకకుండా ఉండాల్సిందని ఆయన్ని తిట్టుకున్నా." గింజలు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. "శాపం కాదు. దుబాసీ."

తలెత్తి అడిగింది, "బతికుందా ఆ దుంప?"

"ఒక్కటీ ఆరు మొక్కలయ్యాయవ్వా. మెట్ల పక్కన. దొరసాని రోజూ నీళ్ళు పోయిస్తుంది."

"ఆరా? మాకంటే వాళ్ళకే బాగా పిల్లలు పెట్టింది."

"ఒకటి పట్టుకురానా? గోడ పొట్టిదే."

"గట్టు దుంప దొంగిలిస్తావా? నీకింకా పెళ్ళి కూడా కాలేదు."

"తెచ్చినా ఎక్కడ నాటుతావు? ఈ నేల మా పెదనాన్నది."

"నాకు తెలియదా? ఒకరి నేలలో గట్టు నాటే దాన్నా నేను? కుండలో పెట్టుకుంటా."

లేచి లోపలికెళ్ళి ఒక బుర్రతో వచ్చింది. మూత తీసి చూపించింది. తేనె. నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ మూసింది.

"వట్టి చేతుల్తో పోకు. దొరసానికి ఇది ఇచ్చి, ఒక్క దుంప ఇప్పించమను. ముహోయి అడిగినట్టే అడుగు, తల వంచకుండా. ఆ మాట వాళ్ళ భాషలో ఏమంటారో ముందే నేర్చుకుని పో. దుబాసీని మాత్రం వెంటబెట్టుకోకు."