కారు మెట్టు మీద దాణా

ఆరిన్ పెల్ ఇరవై రెండేళ్లు అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో యాత్రికుల బండి తోలాడు. నాలుగు బూడిదరంగు గుర్రాలు, పదకొండు మంది ప్రయాణికులు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అదే అతని సంసారం, పెళ్లి మాత్రం చేసుకోలేదు. ముందు వరసలో నడిచే ఆడగుర్రం బ్యూలాతో మాట్లాడినంత మర్యాదగా ఏ మనిషితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ గుర్రాలకు నాడాలు కొట్టేవాణ్ణి నేను. నాతోనైతే తిట్టు లేకుండా మాటే లేదు, అంత స్నేహం.

పందొమ్మిది వందల పదిహేను జూన్‌లో కబురొచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి పార్కులోకి కార్లను రానిస్తారట. కారును చూసి బెదిరే గుర్రాలను అమ్మేస్తానన్నాడు మా మేనేజరు. ఆరేసిన దుప్పటి ఎగిరినా బ్యూలా బెదిరేది.

"దాన్ని తోలు ఒలిచేవాళ్లకి అమ్ముతార్రా జెబ్" అన్నాడు ఆరిన్. అతని మొహం చూడలేకపోయాను.

"కారు దగ్గరే దాణా పెట్టు. రోజూ తింటుంటే భయం అదే పోతుంది" అన్నాను. నా తెలివి తగలెయ్య!

కిరాణా కొట్టువాడి ముసలి కారును దొడ్లోకి తెచ్చాం. ఇంజను వేసి, హారన్ కొట్టి, దాని తలుపు కింది మెట్టు మీద దాణా పోసేవాళ్లం. మొదటి వారం బ్యూలా కంచె విరగ్గొట్టింది. రెండో వారం దూరం నుంచి మెడ చాచింది. జూలై ఆఖరుకి హారన్ వినపడితే చాలు, నాలుగూ పరుగెత్తుకొచ్చి కారు చుట్టూ మూగేవి.

"చూడరా, సొంత చుట్టం దిగినట్టు ఎలా ఎదురెళ్తున్నాయో!" అని ఆరిన్ మురిసిపోయాడు. నేనూ నవ్వాను గానీ, లోపల ఏదో కలుక్కుమంది. అయినా ఇంకో గుప్పెడు దాణా పోశాను.

ఆగస్టు ఒకటిన పై మజిలీలో పనుండి బండి మీద ఆరిన్ పక్కనే కూర్చున్నాను. గుర్రపు బండి ఎదురైతే కారు లోయ అంచుకు జరిగి ఆగాలి, కొండ వైపు బండికి వదలాలి. అదీ పార్కు నిబంధన. మలుపు తిరగ్గానే ఒక కారు సరిగ్గా అలాగే ఆగి ఉంది. అందులో భార్యాభర్తలు. ఇంజను మాత్రం ఆపలేదు.

బ్యూలా చెవులు నిక్కించింది. బెదరలేదు. లోయ వైపు తిరిగింది.

"ఇక్కడ లేదమ్మా, ఇక్కడ పెట్టరు తల్లీ" అంటూ ఆరిన్ పగ్గాలు బిగించాడు, బ్రేకు తొక్కాడు. బండి జారుతూనే ఉంది. కారాయన హడలిపోయి హారన్ కొట్టాడు.

గుర్రాలు పరుగందుకున్నాయి.

భార్యాభర్తలు దూకేశారు. దాణా కోసం బ్యూలా కారు అవతలి మెట్టు వైపు దూరింది. అక్కడ మట్టి జారి దాని వెనక కాళ్లు అంచు దాటాయి. ఆరిన్ దూకి దాని కళ్లెం పట్టుకున్నాడు. నేను పగ్గాలు బ్రేకు కర్రకు చుట్టి దిగాను. బ్యూలా బరువుకు మిగతా మూడు గుర్రాలూ, వాటితో బండీ, అడుగు అడుగు అంచుకు జరుగుతున్నాయి. లోపల జనం అరుస్తున్నారు.

"దాని పట్టీలు కొయ్యరా జెబ్!"

"ముందు నువ్వు కళ్లెం వదులు!"

"కొయ్యరా, వెధవా!"

గిట్టలు చెక్కే కత్తి నా నడుముకే ఉంది. కోశాను. అతను వదల్లేదు.

పదకొండు మందీ బతికారు. రెండేళ్లు తిరక్కుండానే గుర్రపు బండ్లన్నీ తీసేశారు. ఆరిన్ గుర్రాలు మూడింటినీ నేనే తెచ్చుకున్నాను. నా దొడ్డి రోడ్డు పక్కనే. హారన్ మోగినప్పుడల్లా మూడూ కంచె దగ్గరికి పరుగెత్తి మెడలు చాస్తాయి. యాత్రికులు ముచ్చటపడి కార్లు ఆపుతారు, ఆపిల్ ముక్కలు పెడతారు. పెట్టొద్దని అరుస్తాను. పిచ్చి ముసలాడని నవ్వుకుని, వెళ్తూ వెళ్తూ ఇంకోసారి హారన్ కొడతారు.